ఎల్లాజీకి చేరాల్సిన మాట

నేను ఒక పాత సెల్‌ఫోన్ని. అద్దం మీద ఈ మూల నుంచి ఆ మూలకి ఒక గీత ఉంది. వీపు కాస్త ఉబ్బింది. ఉప్పుగాలికి చార్జింగు పెట్టే నోరు పచ్చబడిపోయింది. నాలాంటివి ఈ దేశంలో లెక్కలేనన్ని ఉంటాయి కాబట్టి గొప్పలు చెప్పుకోడానికి నాకేమీ లేదు. అయితే నా లోపల ఒక మాట ఉండిపోయింది. మైలపల్లి ఎల్లాజీ అనే మనిషి చెవిన పడాల్సిన మాట. దాన్ని నాలో పెట్టినవాడు అతని బామ్మర్ది నరిసింగు. ఆ మాట సంగతే నేను చెప్పబోయేది.

నా పుట్టుక గురించి నాకు తెలిసింది తక్కువ. ఏదో పెద్ద షెడ్డు, తెల్లటి దీపాలు, చేతికి తొడుగులేసుకున్న ఆడపిల్లలు. వాళ్ళలో ఒకమ్మాయి నాకు అద్దం బిగించి, తన మొహం ఒకసారి అందులో చూసుకుని, పక్కకి జరిపేసింది. నన్ను మొదట కొన్నది విశాఖపట్నంలో ఒక బట్టలకొట్టు గుమస్తా. పొద్దస్తమానం తన ఫోటోలు తనే తీసుకునేవాడు. ఒక్కటీ నచ్చేది కాదు. తప్పు నాదే అనుకుని నన్ను పాత ఫోన్ల కొట్లో ఇచ్చేశాడు. ఆ కొట్టు గాజుపెట్టెలో నా పక్కన నా జాతిదే ఇంకో ఫోను ఉండేది. దానికి వీపు మీద నీలం రంగు అట్ట. మేమిద్దరం అలా పక్కపక్కన చాలాకాలం పడుకున్నాం.

మమ్మల్ని ఇద్దర్నీ ఒకేసారి కొన్నవాడు నరిసింగు. సముద్రం ఒడ్డున నీలాడపాలెం అనే ఊళ్ళో ఐసు ఫ్యాక్టరీ ఆపరేటరు. డిగ్రీలో కంప్యూటరు చదివాడు. పట్నంలో కొన్నాళ్ళు ఉండి, అక్కడి గదులు పడక వెనక్కి వచ్చేశాడు. ఐసు ఫ్యాక్టరీలో పని అంటే గేజి చూడటం, డబ్బాల్లో నీళ్ళు గడ్డకట్టేదాకా కాచుకోవడం. కాచుకోవడమే ఎక్కువ. ఆ ఖాళీలో అమ్మోనియా వాసన మధ్య ఒక మూల బల్లేసుకుని పాత ల్యాప్‌టాప్ మీద ఏదో రాసుకుంటూ ఉండేవాడు. కొందరు ఖాళీ దొరికితే పేకాడతారు. ఇతను ప్రోగ్రాములు రాసేవాడు. దానివల్ల ఒరిగేదేమిటని ఎవరైనా అడిగితే నవ్వేసి ఊరుకునేవాడు.

నీలం అట్ట ఫోను తన అక్క మొగుడు ఎల్లాజీకి ఇచ్చాడు. వాళ్ళిద్దరి మధ్య ఉన్నది నేను కొంత విన్నాను, కొంత కళ్ళారా చూశాను గనక చెబుతున్నాను. నరిసింగు తండ్రి ముందే పోయాడు. ఆ పిల్లాణ్ణి భుజానెక్కించుకుని అలల్లోకి తీసుకెళ్ళినవాడు, ఈత నేర్పినవాడు, కాలేజీ ఫీజుకి కొత్త వల కొనడం మానుకున్నవాడు ఎల్లాజీ. మాట తక్కువ మనిషి. ఇష్టం చూపించడానికి చేప తలకాయ తీసి బామ్మర్ది కంచంలో వేసేవాడు, అంతే.

నరిసింగు రాసుకుంటున్నది కబుర్లు చెప్పుకునే ఒక యాప్. పేరు అలికిడి. కడలి మీద టవరు అందదు. ఒడ్డుకి కాస్త దూరం పోతే మాలాంటి ఫోన్లన్నీ ఉత్త గాజుబిళ్ళలే. అందుకని అతను ఇలా చేశాడు: ఒక ఫోను తన మాటని దగ్గర్లో ఉన్న ఇంకో ఫోనుకి అందిస్తుంది. ఆ ఫోను పక్క నావలో ఉన్న ఫోనుకి, అది దాని పక్కదానికి. అలివి వల అనే పెద్ద వలని ఒడ్డుకి లాగేటప్పుడు తాడు చేతినుంచి చేతికి ఎలా వస్తుందో అలాగ. మధ్యలో కంపెనీ లేదు, పెద్దమనిషి లేడు. పైగా రాసిన ప్రోగ్రామంతా ఇంటర్నెట్‌లో పరిచేశాడు. దాన్ని ఓపెన్ సోర్స్ అంటారట. ఎవరైనా చూసుకోవచ్చు, దిద్దుకోవచ్చు, పట్టుకుపోవచ్చు. ఊరందరి ముందూ వల ఆరేసినట్టే.

ఆ యాప్‌లో రెండు గదులుండేవి. ఒకటి మనిషికీ మనిషికీ మధ్య, తాళం వేసిన గది. రెండోది అందరి గది. యాప్ తెరవగానే ముందు కనబడేది అందరి గదే. అలా ఎందుకు పెట్టాడో నాకు తెలుసు. కొత్తగా వచ్చినవాడికి లోపల సందడి కనబడాలి. ఖాళీ ఇంట్లోకి ఎవరొస్తారు? ఎక్కడో చలిదేశంలో ఉన్న ఒకాయన, ముఖం చూడని మనిషి, ప్రోగ్రాము చదివి రాశాడు, మొదట తాళం గది తెరుచుకునేలా పెడితే మంచిదని. నరిసింగు అది చదివి, తర్వాత చూద్దాంలే అనుకున్నాడు.

ఆ రోజుల్లో అతని హుషారు చూసి తీరాలి. ఐసుపెట్టెల మీద అలికిడి స్టిక్కర్లు అంటించాడు. ఇంటర్నెట్‌లో ఊరూపేరూ తెలియనివాళ్ళకి ఇంగ్లీషులో ఉత్తరాలు రాశాడు. వాళ్ళు మెచ్చుకుంటూ నక్షత్రాలు ఇచ్చేవారు. ఆ నక్షత్రాలు ఒకటి రెండు పెరిగినా నన్ను జేబులోంచి తీసి చూసుకునేవాడు. చేపల వేలం వేసే షెడ్డులో నిలబడి దొరికినవాళ్ళ ఫోన్లు తీసుకుని అందులో ఎక్కించేవాడు. రీచార్జి అక్కర్లేదా అని ఒకడడిగితే, సినిమాలొస్తాయా అని ఇంకొకడు. గంపలో రొయ్యలు సర్దుకుంటున్న ఎర్రమ్మ అయితే, "టవరు లేకండా మాటాడించేస్తావా నాయినా? మా ముసిలోడు ఇంట్లో ఎదురుగా కూకున్నా మాటాడడు. ముందు ఆడికెక్కించు" అంది. షెడ్డంతా నవ్వింది. నరిసింగు మరేం చిన్నబుచ్చుకోలేదు, ఆవిడ ఫోనులోనూ ఎక్కించాడు.

అందరికీ అతను గట్టిగా చెప్పే మాట ఒకటుండేది. ఇందులో పెట్టిన మాటని ఏ కంపెనీ చెరపలేదు, ఏ సర్కారూ చెరపలేదు, ఆఖరికి తను కూడా చెరపలేడు అని. అది చెప్పేటప్పుడు గుండె మీద చెయ్యేసుకునేవాడు.

కానీ ఆ ఊరి సంగతి ఒకటుంది. నీలాడపాలెంలో మనుషులు అన్నీ మాట్లాడుకుంటారు, ఒక్కటి తప్ప. ఎక్కడ పడ్డాయి అన్నది ఎవడూ చెప్పడు. నిండు నావతో వచ్చినవాణ్ణి అడిగినా, ఏవో పడ్డాయిలే అంటాడు. అడిగినవాడు రెట్టించడు, అది మర్యాద కాదు. నీళ్ళ కింద చేపలు గుమిగూడే రాతిబండలు కొన్ని ఉంటాయి. ఒక్కో బండ జాడ ఒక్కో ఇంటిది. తండ్రి కొడుక్కి నావలో కూర్చోబెట్టి చూపిస్తాడు, ఒడ్డున ఏది ఏ వరసలోకి వస్తే అక్కడ లంగరేయాలో. ఎల్లాజీకి అలాంటి బండ ఒకటుంది. అక్కడికి పోయే రోజు నావని ముందు వేరే దిక్కుకి తిప్పి, ఎవరూ చూడటం లేదని రూఢి చేసుకుని, అప్పుడు మళ్ళించేవాడు. ఆ ఇంటి కూడూ గుడ్డా అంతా ఆ బండ మీద నుంచి వచ్చిందే. నరిసింగు చదువు కూడా.

బామ్మర్ది బతిమాలితే ఎల్లాజీ నీలం ఫోనుని పాలిథిన్ సంచిలో చుట్టి నావలో పెట్టుకున్నాడు. ఆయనకి రాయడం రాదు, అందుకని గొంతుతో పంపడం నేర్పించాడు. ఇది నొక్కు, మాట్లాడు, వదిలెయ్యి. ఆ నొక్కేది అందరి గదిలోనూ ఉంది, తాళం గదిలోనూ ఉంది. చూపించడం తాళం గదిలోదే చూపించాడు. కానీ తెరవగానే వచ్చేది ఏ గదో ముందే చెప్పాను.

ఆ రోజు పొద్దున్న నరిసింగు వేలం షెడ్డులో ఉన్నాడు. చుట్టూ జనం. నేను అతని చేతిలో ఉన్నాను. నాకు సముద్రం వైపు నుంచి అలికిడి తగిలింది. తిరిగొస్తున్న ఒక నావలో ఫోను ఏదో మోసుకొస్తోంది. అది ఒడ్డున ఉన్న నావకిచ్చింది, అది నాకిచ్చింది. నేను టింగుమన్నాను. నరిసింగు చూశాడు. బావ పేరు! సముద్రం మీద నుంచి, టవరు లేకుండా, నావ నుంచి నావకి దూకుతూ వచ్చిన మొట్టమొదటి మాట.  అదిగో, రండి, ఇనండి అంటూ నా గొంతు పూర్తిగా పెంచి, నన్ను తలమీదకి ఎత్తి పట్టుకుని నొక్కాడు.

ఎల్లాజీ గొంతు షెడ్డంతా నిండింది.

"పోలేసూ, నానురా. మన బండ మీదున్నాను. కోనాం సేపలు తెగ పడతన్నాయి, ఒక్క నావకి సాలవు. ఊళ్ళో తెల్ల టేంకు కొండకొమ్ము కిందకొచ్చీదాకా ఎల్లి, అక్కణ్ణించి తిన్నగా సూరీడికేసి రా. బేగి రా."

పోలేసు ఎల్లాజీ తమ్ముడు. ఇంకో నావ అతనిది. ఆ మాట అతనొక్కడికే వెళ్ళాల్సింది.

షెడ్డులో వేలం పాడుతున్నవాడు ఆగిపోయాడు. ఎర్రమ్మ చేతిలో రొయ్య చేతిలోనే ఉండిపోయింది. నరిసింగు మొహం మాత్రం వెలిగిపోతోంది. "ఇనబడిందా? ఎంత సుబ్బరంగా ఉందో సూసేరా?" అని అందర్నీ అడిగాడు.

వల చిరుగులు సరిచేస్తున్న ఒక పెద్దాయన తల ఎత్తకుండానే అన్నాడు, "ఇనబడింది నాయినా. అందరికీ ఇనబడింది."

అప్పటికిగాని నరిసింగుకి తెలియలేదు. మాట వచ్చిందని చూశాడుగాని, ఆ మాటేమిటో వినలేదు. నా గొంతు తగ్గించాడు, ఆఖరికి నన్ను జేబులో దాచేశాడు. అప్పుడిక దాచేదేముంది? అందరి గదిలో పడ్డ మాట ఊళ్ళో అలికిడి ఉన్న ప్రతి ఫోనుకీ వెళ్ళిపోయింది. వెళ్ళేలా చేయడమే మా పని. మేం చక్కగా చేశాం.

మర్నాడు పొద్దున్న ఎల్లాజీ మామూలుగానే నావని వేరే దిక్కుకి తిప్పి, తర్వాత మళ్ళించి, బండ దగ్గరికి వెళ్ళాడట. అక్కడ ఊరి నావలు వరసగా ఉన్నాయట. ఒకళ్ళిద్దరు తలదించుకున్నారట. ఆయన వల తియ్యకుండానే వెనక్కి తిప్పుకుని వచ్చాడు. ఇది పోలేసు చెప్పగా విన్నది.

ఒడ్డున దిగి తిన్నగా ఐసు ఫ్యాక్టరీకి వచ్చాడు. తడి లుంగీ, చేతిలో పాలిథిన్ సంచీలో నీలం ఫోను. కేకలేస్తాడనుకున్నాను. వెయ్యలేదు. బల్ల ముందు నిలబడి, నిదానంగా, "అది సెరిపీరా" అన్నాడు.

నరిసింగు లేచి నిలబడ్డాడు. చెరపడం కుదరదు బావా, అలా రాయలేదు అన్నాడు. తన దాంట్లో తీసినా మిగతా ఫోన్లలో ఉంటుందని, ఒక్కో ఫోనూ ఇంకోదానికి ఇస్తూనే ఉంటుందని, అది ఎవరి చేతిలోనూ లేదని తడబడుతూ చెప్పాడు. అన్నాళ్ళూ గుండె మీద చెయ్యేసుకుని చెప్పినవే ఆ మాటలు. అప్పుడు మాత్రం చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"అయితే ఇది ఎవుడిది?" అన్నాడు ఎల్లాజీ.

"ఎవుడిదీ కాదు బావా. అందరిదీ."

ఎల్లాజీ సంచిలోంచి నీలం ఫోను తీశాడు. "అయితే నా బండలాగే అన్నమాట" అన్నాడు.  బటన్ నొక్కి దాన్ని కట్టేసి, సంచిలో చుట్టుకుని వెళ్ళిపోయాడు. బామ్మర్దితో ఆయన మాట్లాడిన ఆఖరి మాట అదే.

అంతకుముందు సాయంత్రమే, జరిగిన నష్టం పూర్తిగా తలకెక్కకముందు రాసిందో, ఎక్కినా ఆపుకోలేక రాసిందో నాకు తెలీదు, సముద్రం దాటివచ్చిన మొదటి మాట గురించి నరిసింగు ఇంటర్నెట్‌లో ఒక పేజీ రాసి పెట్టాడు. ఎక్కడెక్కడివాళ్ళో చప్పట్లు కొట్టారు. నక్షత్రాలు గుట్టలుగా పడ్డాయి. ఇన్నాళ్ళూ ఏవి కోరుకున్నాడో అవే. అతను నన్ను బల్ల మీద బోర్లా పెట్టేవాడు, అవి కనబడకుండా.

బండ మీదకి తర్వాత పై ఊళ్ళ పెద్ద బోట్లు కూడా వచ్చాయి. అడుగు ఊడ్చే వలలు లాగాయి. కొన్నాళ్ళకి అక్కడ వలేస్తే రాయికి చిరిగిన వల తప్ప ఏమీ వచ్చేది కాదట. ఎల్లాజీ నావ పోలేసుకి అప్పజెప్పి, ఊళ్ళో చాలామందిలాగే గుజరాతు బోట్ల మీద కూలికి వెళ్ళిపోయాడు. తన నావకి తను పెద్ద అయిన మనిషి ఇంకొకడి బోటులో తాడు లాగడానికి రైలెక్కాడు. పాత నీలం ఫోను ఇంట్లో వదిలేసి, నొక్కుడు బటన్ల ఫోనొకటి కొనుక్కున్నాడు.

నరిసింగు ఆ తర్వాత చేసిన పని, చెరిపే ఏర్పాటు రాయడం. ఒకడు తన మాట వెనక్కి తీసుకుంటే ఫోను ఫోనుకీ ఆ సంగతి పాకి అన్నిట్లోంచీ పోయేలా. ఇంటర్నెట్‌లో పెద్ద వాదన జరిగింది. చెరపడం మన సిద్ధాంతానికే విరుద్ధమన్నారు కొందరు. వాళ్ళలో ఎవరికీ బండ లేదు. నరిసింగు జవాబివ్వకుండా రాసి పెట్టేశాడు. తెరవగానే తాళం గది వచ్చేలా కూడా మార్చాడు. బాగానే పనిచేసింది. సముద్రంలో మాత్రం అప్పటికి చెరపాల్సిందేమీ మిగల్లేదు.

ఒక మధ్యాహ్నం ఫ్యాక్టరీ వెనక, గడ్డలు కొట్టే మిషను ఆపేశాక, అతను నన్ను నోటి దగ్గర పెట్టుకుని బావ పేరు మీద తాళం గదిలో మాట్లాడాడు. ఒకసారి మాట్లాడి తీసేశాడు. మళ్ళీ మాట్లాడి తీసేశాడు. ఆఖరికి ఒకటి ఉంచాడు. దాని కింద నా అద్దం మీద చిన్న అక్షరాలు వచ్చాయి: దారిలో ఉంది. అవతలి ఫోను దగ్గరికి వచ్చి మాట అందుకున్నప్పుడు అక్కడ ఒడ్డు చేరింది అని రావాలి. ఆ మాటలు కూడా అతను పెట్టుకున్నవే. ఇంకో సంగతి, ఆ తాళాలు ఫోనుతోనే ఉంటాయి. కొత్త ఫోను కొంటే కొత్త మనిషి కిందే లెక్క. అందుకని నా వీపు ఉబ్బినా, అతను కొత్తది కొన్నా, నన్ను పారెయ్యలేదు.

చివరికి నన్ను తీసుకెళ్ళి అక్క సన్యాసమ్మ చేతిలో పెట్టాడు. వేటకి నిషేధం పెట్టే ఎండాకాలంలో బావ ఇంటికొస్తాడు కదా, అప్పుడు ఆ నీలం ఫోనూ ఇదీ పక్కపక్కన పెట్టి, రెండూ వెలిగించు చాలు అన్నాడు. ఆవిడ తమ్ముడి మొహంలోకి చూసి, "నీ ఇంటికీ మా ఇంటికీ మధ్యన రెండు గుమ్మాలేగదరా. దానికి ఫోనెందుకు, నోరు లేదా?" అంది. ఉంది అప్పా, వస్తాను అన్నాడు. ఆవిడ మమ్మల్ని ఇద్దర్నీ ఒక బిస్కట్ల డబ్బాలో పెట్టి మూత వేసింది. గాజుపెట్టెలో పడుకున్నట్టే మళ్ళీ పక్కపక్కన. కానీ రెండూ వెలుగు లేకుండా, నోళ్ళు కట్టేసి ఉన్నాయి.

ఎండాకాలం ఎల్లాజీ వచ్చాడు. మూత తీసి ఆవిడ చెప్పింది. డబ్బా ఒడిలో పెట్టుకుని ఆయన నన్ను చూశాడు. తెలుసు ఆయనకి, నేనెవరి ఫోనునో. వేలితో నా అద్దం మీద గీత తడిమాడు. వెలిగిస్తాడేమో అనుకున్నాను. "ఉండనీ. సెప్పీదుంటే ఆడే వత్తాడు" అన్నాడు, మెల్లిగా, వాకిట్లో ఎవరన్నా ఉన్నారేమో అన్నట్టు అటువైపు చూస్తూ. ఆ నెలలన్నీ సాయంత్రం పూట ఆయన వాకిట్లోనే కూర్చుని వల అల్లేవాడు. గుజరాతు బోటులో పనికి సొంత వలెందుకో నాకు అర్థం కాలేదు. ఒక్క రాత్రీ ఆ వాకిటి తలుపుకి గొళ్ళెం పడిన చప్పుడు వినబడకపోతే అర్థమైంది, ఎవరి కోసం కాచుకున్నాడో. నరిసింగు ఫ్యాక్టరీకి పోతూ వస్తూ ఆ వీధి మానేసి, ఒడ్డు మీదుగా నడిచేవాడట. రేపు వెళ్తాను అని అక్కతో ప్రతిసారీ అనేవాడు. అబద్ధం కాదు, రేపు వెళ్దామనే అనుకునేవాడు. నిషేధం ఎత్తేశారు. ఎల్లాజీ మళ్ళీ రైలెక్కాడు.

ఆ తర్వాత ఒక పొద్దున్న వీధిలోకి మోటారు సైకిల్ వచ్చింది. చుట్టూ రంగురంగుల ప్లాస్టిక్ బిందెలు, బకెట్లు. పాత ఫోన్లకి బకెట్లు ఇస్తాం అని మైకులో రికార్డు అరుస్తోంది. సన్యాసమ్మ గుమ్మంలో నిలబడి కాసేపు విన్నది. లోపలికొచ్చి డబ్బా మూత తీసింది. "మాటాడాల్సినోలు మాటాడరు. మీరు మాత్రం దేనికి?" అని మాతోనే అంది. ఏడుస్తూ అనలేదు, విసుక్కుంటూ అంది. మా ఇద్దరికీ కలిపి ఎర్రటి తొట్టి ఒకటి వచ్చింది. నీళ్ళు పట్టుకోడానికి మంచిదే.

బకెట్లతను ఊరు దాటాక రోడ్డు పక్కన బండి ఆపాడు. ఎక్కడో దూరపు జిల్లావాడు, చెమట తుడుచుకుంటూ గోనెసంచి విప్పాడు. పనిచేసేవి ఒక పక్క, చచ్చినవి ఒక పక్క వెయ్యాలి కదా. ఒక చిన్న బ్యాటరీకి రెండు వైర్లు తగిలించి, ఒకటి నా నోట్లో పెట్టాడు, ఒకటి నీలం దాని నోట్లో. నాకు వెలుతురొచ్చింది. కాసేపటికి పక్కన దానికీ వచ్చింది. ఎన్నాళ్ళకో! నాకు అలికిడి తగిలింది. అరచేయంత దూరంలో ఎల్లాజీ ఫోను. నాలో ఉన్న మాట లేచి వెళ్ళిపోయింది. అది టింగుమంది.

అతను ఏమిటా అని నొక్కాడు.

"బావా, నానే. ఆ రోజు నీ మాట ఒచ్చిందనే సూసేను గాని, నువ్వేటన్నావో ఇన్లేదు. ఇన్నాళ్ళూ నీ నావలో ఎక్కి తిరిగినోణ్ణి, నీ గొంతు ఇని కూడా ఇన్లేదు. నువ్వు తిట్టు బావా. తిట్టి, ఒకసారి ఇంటికి రమ్మను. వత్తాను."

బకెట్లతను కాసేపు ఫోను వైపే చూశాడు. రోడ్డు మీద లారీ ఒకటి దుమ్ము లేపుకుంటూ పోయింది. ఎవరి గొడవో పాపం అనుకున్నాడేమో, వెనక్కి తిరిగి ఊరి దారి చూశాడు. ఏ ఇంట్లో తీసుకున్నాడో గుర్తుండి ఉండదు. ఊరూరా ఎన్ని గుమ్మాలు. వైర్లు పీకేశాడు. నీలం దాన్ని పనిచేసేవాటిలో వేశాడు. నా వీపు చూసి పెదవి విరిచి, నన్ను రెండో సంచిలోకి విసిరాడు.

లోపల చీకటి. నాలో కాస్త వెలుగు ఇంకా మిగిలే ఉంది. నీలాడపాలెంలో నరిసింగు ఈపాటికి గేజి చూసుకుంటూ, రేపు వెళ్దామని అనుకుంటూ ఉంటాడు. గుజరాతులో ఎల్లాజీ తాడు లాగుతూ ఉంటాడు. వేసవికి వస్తాడు, వాకిట్లో కూర్చుంటాడు, తలుపు గొళ్ళెం వెయ్యడు. వాళ్ళిద్దరిలో ఎవరికీ కనబడని చోట, పగిలిన నా అద్దం మీద, చిన్న అక్షరాలు వెలిగి ఉన్నాయి. ఒడ్డు చేరింది.